కనబడుటలేదు: బాణం గుర్తు, తెల్ల రంగు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది, నెట్ వస్తోంది, ప్రింటర్ కూడా అలక మానింది, కానీ తెర మీద ఏది ఎక్కడుందో కనిపించి చావట్లేదు అని. కొందరు కళ్లద్దాలు మార్చారట, ఒకాయన మానిటరే మార్చారట. దాదాపు అందరూ చేసి చూసిన పని మాత్రం బ్రైట్‌నెస్ పెంచడం. అది పెంచితే వెనకున్న తెలుపూ వెలుగుతుంది, దాని మీదున్న లేత బూడిదరంగు అక్షరమూ వెలుగుతుంది, రెండిటి మధ్య తేడా ఎక్కడుందో అక్కడే ఉంటుంది, పైగా సాయంత్రానికి తలనొప్పి. కంటికి ఆనేది ఆ తేడానే, దాని పేరే కాంట్రాస్ట్. దాన్ని ఎక్కడెక్కడ పెంచుకోవచ్చో ఒక్కో ఉత్తరంలో చూద్దాం.

ప్ర: నేను రిటైర్డ్ తెలుగు పండితుణ్ణి, వయసు 66. కిందటేడు కుడికంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, డాక్టరుగారు చార్టులో చివరి వరుస దాకా చదివించి బ్రహ్మాండం అన్నారు. పేపరు చదువుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. లాప్‌టాప్ ముందు కూర్చుంటే మాత్రం బాణం గుర్తు దొరకదు, టైపు చేసే గీత ఏ వరుసలో మిణుకుమంటోందో తెలియదు, పేజీని కిందికి జరిపే పట్టీ అయితే అసలు మాయం. మనవడు "అక్కడే ఉంది కదా తాతయ్యా" అంటాడు. వాడికి ఉంది, నాకు లేదు. పేపర్లో "కనబడుటలేదు" అని ప్రకటన ఇవ్వమంటారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జ: మాస్టారూ, ప్రకటన అక్కర్లేదు. తప్పిపోయిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు, గోడ రంగు చొక్కా వేసుకుని నిలబడ్డాడంతే.

మీ డాక్టరుగారి మాటా నిజమే, మీ మాటా నిజమే. కంటాసుపత్రి చార్టులో అక్షరాలు నల్లటి నలుపు, వెనక తెల్లటి తెలుపు. ఎంత చిన్న అక్షరం చదవగలరన్నదే అక్కడ చూస్తారు. ఎంత వెలిసిపోయిన అక్షరం చదవగలరన్నది వేరే పరీక్ష, దానికి 1988లో పెల్లీ-రాబ్సన్ చార్టు అని ఒకటి వచ్చింది, అందులో అక్షరాలన్నీ ఒకే సైజు, కిందికి పోయేకొద్దీ ఉతికి ఉతికి రంగు పోయిన గుడ్డలా లేతబడిపోతాయి. మామూలు చెకప్‌లో దాన్ని చదివించేవాళ్లు తక్కువ. వయసు మీదపడ్డాక కనుపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది (మీ ఎడమకంట్లో ఇంకా పాతదే ఉంది కదా), లోపలికి వెళ్లే వెలుగు తగ్గుతుంది. ఇటు చూస్తే ఈమధ్య సాఫ్ట్‌వేర్లన్నిటికీ తెలుపు మీద బూడిదరంగు పిచ్చి పట్టుకుంది. రెండూ ఒకచోట కలిశాయి.

విండోస్ 11 అనుకుని చెబుతున్నాను. సెట్టింగ్స్ తెరిచి ఎడమవైపు యాక్సెసిబిలిటీ నొక్కండి. విండోస్ 10లో దీని పేరు ఈజ్ ఆఫ్ యాక్సెస్. (విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, ఆ గొడవ ఇంకో నెల.) అందులో మౌస్ పాయింటర్ అండ్ టచ్ అని ఉంటుంది. సైజు జరిపే మీట ఒకటి నుంచి పదిహేను దాకా పోతుంది, మూడో నాలుగో పెట్టండి, పదిహేను పెడితే బాణమే తెరంతా కప్పేసి కింద అక్షరం కనపడదు. రంగు దగ్గర ఇన్వర్టెడ్ అనేది చాలామంది మెచ్చుకుంటారు, కింద తెలుపుంటే బాణం నలుపవుతుంది, నలుపుంటే తెలుపవుతుంది. బాగానే ఉంటుంది కానీ ఒక చిక్కుంది, మధ్యరకం బూడిదరంగు మీదికి వెళ్లగానే అదీ మునిగిపోతుంది, ఎందుకంటే ఆ బూడిదకి వ్యతిరేకం కూడా బూడిదే. అందుకే నేనైతే కస్టమ్‌లోకి వెళ్లి ముదురు వంకాయ రంగు పెట్టుకోమంటాను, ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో ఆ రంగు వాడేవాళ్లు తక్కువ కాబట్టి తెలుపులోనూ బూడిదలోనూ కలిసిపోదు.

టైపు గీతకి అదే యాక్సెసిబిలిటీలో టెక్స్ట్ కర్సర్ అని ఉంది. టెక్స్ట్ కర్సర్ ఇండికేటర్ ఆన్ చేస్తే గీతకి పైనా కిందా రంగు బొట్లు వస్తాయి, ఆ కిందనే గీత మందం పెంచే మీట కూడా ఉంది. మాయమైన పట్టీ కోసం విజువల్ ఎఫెక్ట్స్‌లో ఆల్వేస్ షో స్క్రోల్‌బార్స్ ఆన్ చేయండి, అక్కడే ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్ ఆఫ్ చేసేయండి, వెనక బొమ్మ ముందున్న అక్షరాల్లోంచి తొంగిచూడటం మానుతుంది. ఈ నాలుగూ చేసేసరికి మీ బాధలో ముప్పాతిక తీరుతుంది.

తెలుగు పండితులు కాబట్టి మీకు ఇంకో మాట. ఇంగ్లిష్ చదివేవాడికి సరిపోయే సైజు మనకి చాలదు. థకీ ధకీ తేడా పొట్టలో ఒక్క చుక్క. "లక్ష్మి" రాస్తే క కింద ష, దాని కింద మ, ఆ పైన గుడి, ఇంత కాపురమూ ఆ కాస్త ఎత్తులోనే సర్దుకోవాలి. చిన్న సైజులో వత్తులన్నీ ఒక మసిబొట్టయిపోతాయి, అప్పుడు కాంట్రాస్ట్ ఎంత పెంచినా లాభం లేదు. యాక్సెసిబిలిటీలోనే టెక్స్ట్ సైజ్ మీట 225 శాతం దాకా పోతుంది, మీరు 130 దగ్గర మొదలుపెట్టండి.

ఇవన్నీ చేసినా కష్టంగానే ఉంటే కాంట్రాస్ట్ థీమ్స్. నాలుగున్నాయి: అక్వాటిక్, డెజర్ట్, డస్క్, నైట్ స్కై. పేరు వినగానే నల్ల తెర మీద పచ్చ అక్షరాలు ఊహించుకుని భయపడకండి, డెజర్ట్ అనేది వెన్నరంగు కాగితంలా ఉంటుంది. నచ్చని రంగుని ఎడిట్ నొక్కి మార్చుకోవచ్చు కూడా. ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, ప్రింట్ స్క్రీన్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. మీ మనవడు కీబోర్డు మీద తబలా వాయించిన రోజున తెర హఠాత్తుగా నల్లబడితే వైరస్ అనుకోకండి, ఇదే.

ప్ర: డాలస్ నుంచి రాస్తున్నాను. అమ్మ దగ్గరున్నది మ్యాక్. ఆవిడకీ ఇదే ఇబ్బంది. ఫోన్లో చెప్పి చేయించడానికి వీలయ్యేది చెప్పండి.

జ: సిస్టమ్ సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, డిస్‌ప్లే. అందులో ఇంక్రీజ్ కాంట్రాస్ట్ ఆన్ చేయించండి, బటన్ల చుట్టూ గీతలు తేలతాయి. పాయింటర్ సైజూ రంగూ అక్కడే ఉంటాయి. పట్టీ కోసం అప్పియరెన్స్‌లో షో స్క్రోల్ బార్స్ దగ్గర ఆల్వేస్. బాణం కనపడనప్పుడు మౌస్‌ని చెయ్యి విదిలించినట్టు గబగబా ఊపమనండి, ఒక్క క్షణం పెద్దదవుతుంది. అమ్మగారికి అన్నిటికంటే ఇదే నచ్చుతుంది చూడండి.

ప్ర: శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. 2012 నాటి ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, డబ్బు పెట్టి కొన్నదే సుమండీ, చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. ఈమధ్య 14 అంగుళాల కొత్త లాప్‌టాప్ తీసుకుంటే అందులో టూల్స్ అన్నీ చీమల్లా కనిపిస్తున్నాయి. పాత పేజ్‌మేకర్ తెరిస్తే అది రివర్సు, పెద్దగానే ఉంది కానీ మసక. షాపువాడు రిజల్యూషన్ తగ్గించేసి ఇచ్చాడు, ఇప్పుడు మొత్తం అలుక్కుపోయినట్టుంది. లాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయనా?
– డీటీపీ ఆపరేటర్, విజయవాడ

జ: ఇవ్వకండి, ముందు రిజల్యూషన్ ఎప్పటిలా పెట్టేయండి. తెరకి ఎన్ని చుక్కలుంటే అన్నీ వాడుకోనివ్వాలి, తగ్గిస్తే ఒక చుక్కని పక్క చుక్కలకి పంచి పులమాలి కాబట్టి అలుక్కుపోతుంది.

మీ తెర 2880 బై 1800 అని వేరే కాగితం మీద రాశారు కాబట్టి లెక్క వేశాను. అంగుళానికి దగ్గర దగ్గర 243 చుక్కలు. మీ పాత సాఫ్ట్‌వేర్ గీసింది 96 చుక్కల లెక్కన. ఇరవై చుక్కల వెడల్పున్న బటన్ పాత మానిటర్ మీద 5 మిల్లీమీటర్ల పైన ఉండేది, మీ కొత్త తెర మీద 2 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు నువ్వుగింజ. పాపం దాని తప్పేం లేదు, అది రాసిన రోజుల్లో ఇలాంటి తెరలు మార్కెట్లోకి రావడం అప్పుడప్పుడే మొదలైంది.

ఇలాంటప్పుడు విండోస్ మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. "నా సైజు నేనే చూసుకుంటాను" అని సాఫ్ట్‌వేర్ చెప్పుకుని నిజంగానే చూసుకుంటే గొడవ లేదు. చూసుకుంటానని చెప్పి చూసుకోకపోతే చీమలు. అసలు ఏమీ చెప్పకపోతే విండోసే దాన్ని ఫొటోలా సాగదీసి చూపిస్తుంది, అదీ మీ మసక. మీకు రెండోదీ మూడోదీ ఒకే ఇంట్లో ఉన్నాయి.

షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్, చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్. అడుగున ఓవర్‌రైడ్ హై డీపీఐ స్కేలింగ్ బిహేవియర్ అని ఉంటుంది, అక్కడ టిక్ పెట్టి కింద పెట్టెలో సిస్టమ్ ఎంచుకోండి. చీమలు పెద్దవవుతాయి. పేజ్‌మేకర్‌కి అదే చోట సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ పెట్టి చూడండి, ఒప్పుకుంటే అక్షరాలు తేటపడతాయి, ఒప్పుకోకపోతే పాత పెట్టెకి మారిపోండి, నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త. ఇలా సాగదీసినప్పుడు టూల్స్‌తోపాటు మీరు ఎడిట్ చేసే ఫొటో కూడా సాగుతుంది. పెళ్లికూతురి కళ్లు షార్ప్‌గా ఉన్నాయా లేదా అన్నది ఆ తెర మీద తేల్చకండి, ఫైల్ సేవ్ చేసి విండోస్ ఫొటోస్‌లో తెరిచి చూడండి, లేకపోతే ఉన్న షార్ప్‌నెస్ చాలదనుకుని ఇంకా పెంచేస్తారు, ప్రింటులో ఆ పిల్ల మొహమంతా గరుకు తేలుతుంది.

ప్ర: మిర్చి యార్డులో కమిషన్ కొట్టు లెక్కలు రాస్తాను. ఎడమపక్క బిల్లింగ్, కుడిపక్క ఎక్సెల్, రెండూ తెరిచే ఉంచాలి. ఏ కిటికీలో ఉన్నానో తెలియడం లేదండీ. మొన్న 47 టిక్కీలు (మిర్చి బస్తాలు) బిల్లింగులో కొడుతున్నాననుకుని ఎక్సెల్లో కొట్టేశాను, ఏ గడిలో పడిందో వెతకడానికి గంట పట్టింది, అది ఇంకో రైతు వరుసలో దొరికింది. పాత కంప్యూటర్‌తో ఇలా ఎప్పుడూ జరగలేదు. టెన్షన్‌తో చచ్చిపోతున్నాను.
– గుమాస్తా, గుంటూరు

జ: పాత కంప్యూటర్‌తో జరగలేదంటే జరగదు మరి, పాత విండోసుల్లో మీరు పని చేస్తున్న కిటికీ తలపట్టీ నీలంగా, మిగతావి బూడిదరంగులో ఉండేవి. తల చూస్తే తెలిసిపోయేది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు అన్ని తలపట్టీలూ తెల్లబడ్డాయి, జనం మొత్తుకుంటే అదే ఏడు నవంబరు అప్‌డేట్‌లో రంగు తిరిగి ఇచ్చారు, కానీ మనం వెళ్లి అడిగితేనే ఇస్తారు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, కలర్స్, కిందికి వస్తే షో యాక్సెంట్ కలర్ ఆన్ టైటిల్ బార్స్ అండ్ విండోస్ బోర్డర్స్ అని ఉంటుంది. ఆన్ చేసి, యాక్సెంట్ రంగుగా ముదురుది ఒకటి పెట్టండి, ఎండుమిర్చి ఎరుపు మీకు బాగా నప్పుతుంది. ఆ రంగు ఎక్కడుంటే మీ వేళ్లు అక్కడున్నట్టు. కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ తలపట్టీ తామే గీసుకుంటాయి, వాటికి ఈ రంగు పట్టదు. మీ బిల్లింగ్ ఆ బాపతైనా ఫర్వాలేదు, ఎక్సెల్‌కి పట్టినా గుర్తు తెలిసిపోతుంది.

ఎక్సెల్ లోపల గడి సంగతి. మైక్రోసాఫ్ట్ 365 కొత్త వెర్షన్ అయితే వ్యూ ట్యాబ్‌లో ఫోకస్ సెల్ అని వచ్చింది, మీరున్న గడి తాలూకు అడ్డ వరుసా నిలువు వరుసా రెండూ రంగు పూసుకుని కనిపిస్తాయి. పాత వెర్షన్‌లో అది లేదు. అప్పుడు రైతుల పేర్ల వరుసని ఫ్రీజ్ పేన్స్‌తో కదలకుండా పెట్టి, మొత్తాన్ని ఫార్మాట్ యాజ్ టేబుల్ చేసేయండి, వరుస విడిచి వరుస రంగు వస్తుంది, కన్ను పక్క వరుసలోకి జారదు. గడుల గీతలు మరీ లేతగా ఉంటే ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో గ్రిడ్‌లైన్ కలర్ ముదురు చేసుకోవచ్చు.

రెండు కిటికీలూ పక్కపక్కనే ఉంచడం కూడా తప్పనిసరేం కాదు. ఒకదాన్ని తెరనిండా తెరిచి, ఆల్ట్ ట్యాబ్‌తో రెండోదానికి మారే అలవాటు చేసుకుంటే ఈ పొరపాటుకి చోటే తక్కువ. అలవాటు కావడానికి వారం పడుతుంది, సీజన్ మధ్యలో మాత్రం మొదలుపెట్టకండి.

ప్ర: మందుల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే చిన్న టీములో పనిచేస్తున్నాను. మా డిజైనర్ అన్నీ తెలుపు మీద లేత బూడిదరంగులో ఇస్తున్నాడు, "క్లీన్ లుక్" అంటాడు. కస్టమర్లు కనపడటం లేదంటున్నారు. నేను చెబితే "అది నీ టేస్టు" అంటాడు. టేస్టుతో సంబంధం లేకుండా తేల్చే కొలబద్ద ఏదైనా ఉందా?
– డెవలపర్, హైదరాబాద్

జ: ఉంది, నిక్షేపంగా ఉంది. వెబ్ కోసం రాసిన యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లోదే (డబ్ల్యూసీఏజీ అంటారు) అయినా డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌కీ అందరూ దాన్నే వాడతారు. రెండు రంగుల ప్రకాశాన్ని 0 నుంచి 1 మధ్య అంకెలుగా లెక్కగట్టి, రెండిటికీ 0.05 కలిపి, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చేదే కాంట్రాస్ట్ నిష్పత్తి. తెలుపు మీద నలుపు 21, అంతకు మించి లేదు. మామూలు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలి. 18 పాయింట్లు, ఆపైన ఉన్న అక్షరాలకీ, 14 పాయింట్లు, ఆపైన ఉన్న బోల్డ్‌కీ 3 చాలు. 2018లో వచ్చిన 2.1 వెర్షన్‌లో ఇంకో షరతు చేర్చారు, అక్షరాలే కాదు, టెక్స్ట్ బాక్స్ అంచు, చెక్ బాక్స్ గడి, ఐకాన్ లాంటివి కూడా వెనక రంగుతో కనీసం 3 ఉండాలి.

ఇప్పుడు మీ డిజైనర్ బూడిదని ఇందులో పెట్టి చూడండి. 999999 అనే రంగు కోడున్న బూడిద తెలుపు మీద 2.85, ఫెయిల్. 767676 అయితే 4.54, బొటాబొటీగా పాస్. ఒక్క అడుగు లేతబడి 777777 అయితే 4.48, మళ్లీ ఫెయిల్. టెక్స్ట్ బాక్స్ అంచుకి అందరూ వాడే లేత బూడిద, మూడు రంగులూ 204 ఉండేది, 1.6 మాత్రమే, కనీసం 949494 దాకా ముదరాలి. కంటికి వెలుగులో పెద్ద వాటా ఆకుపచ్చది, లెక్కలో దానికి 0.7152, ఎరుపుకి 0.2126, నీలానికి 0.0722. తెర మీద పసుపంటే ఎరుపూ ఆకుపచ్చా కలిసిందే, అందుకే ఎంత కొట్టొచ్చినట్టుండే పసుపైనా తెలుపు మీద 1.07 దగ్గర ఆగిపోతుంది. నారింజ బటన్ మీద తెల్ల అక్షరాలు ముచ్చటగా ఉంటాయి కదా, అది 2 కూడా దాటదు.

నాకు ఈ విషయంలో పట్టుదల ఎందుకంటే, మా వీధి మందుల షాపులో కుర్రాడు రోజూ తెర మీదికి వంగి, పైన ట్యూబ్‌లైటు పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని మందు పేరు చదువుతాడు. పేరు నల్లగానే ఉంటుంది, దాని పక్కన 5 మిల్లీగ్రాములా 50 మిల్లీగ్రాములా అన్నది మాత్రం క్లీన్ లుక్ కోసం లేత బూడిదలో ఉంటుంది. అమ్మ బీపీ మాత్రలు తీసుకున్న ప్రతిసారీ స్ట్రిప్ తిప్పి నేనే చూసుకుంటాను.

ఇంకో పరీక్ష చేయండి. విండోస్ యాక్సెసిబిలిటీలో కలర్ ఫిల్టర్స్ తెరిచి గ్రేస్కేల్ పెట్టి మీ సాఫ్ట్‌వేర్ చూడండి. గడువు దాటిన మందు ఎరుపు, ఉన్న స్టాకు ఆకుపచ్చ అని పెట్టి ఉంటారు, పందెం కాస్తాను. అచ్చ ఎరుపుకీ ముదురు ఆకుపచ్చకీ మధ్య నిష్పత్తి 1.28. రంగు తీసేస్తే రెండూ కవలలే. ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్న మనిషి కౌంటర్లో కూర్చుంటే అతనికి రోజూ కనిపించేదీ దాదాపు అంతే. రంగు ఉంచండి, పక్కన "గడువు దాటింది" అని అక్షరాల్లో కూడా రాయండి.

మౌస్ తీసేసి ట్యాబ్ కీతో ఒక బిల్లు కొట్టి చూడండి. ఎక్కడున్నారో తెలియకపోతే, బటన్ మీద ఫోకస్ గీత ఎవరో అందంగా లేదని తీసేశారన్నమాట, తిరిగి పెట్టించండి. రంగులు కోడ్‌లో అంకెలుగా పాతేయకుండా సిస్టమ్ రంగులు వాడితే, పైన మాస్టారికి చెప్పిన కాంట్రాస్ట్ థీమ్ పెట్టుకున్నవాళ్లకి మీ సాఫ్ట్‌వేర్ కూడా మారుతుంది, పాతేస్తే నల్ల తెర మీద నల్ల అక్షరాలు మిగులుతాయి. కొలవడానికి కలర్ కాంట్రాస్ట్ అనలైజర్ అని ఉచిత టూల్ ఉంది, తెర మీద ఏ రెండు చోట్లైనా రంగు ఎత్తి అంకె చెబుతుంది. డిజైనర్ ఇంకా టేస్టు అంటే, బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి ఐఎస్ 17802 చూపించండి, 2021లో మొదటి భాగం వచ్చింది, సాఫ్ట్‌వేర్‌కి కూడా వర్తిస్తుంది. రేపు ప్రభుత్వాసుపత్రి ఫార్మసీ టెండర్‌కి వెళ్తే మీ మేనేజరే అది అడుగుతాడు.

ప్ర: డార్క్ మోడ్ కళ్లకి మంచిదేనా? ఫోటోల కోసం గింప్ వేసుకుంటే అది తెరవగానే నల్లగా ఉంది, ఐకాన్లన్నీ బూడిదరంగు గీతలే, ఏది కత్తెరో ఏది బ్రష్షో తెలియడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

జ: రాత్రి లైటు తీసేసి చూస్తే డార్క్ మోడ్ హాయిగానే ఉంటుంది. పగలు కిటికీ పక్కన కూర్చుని చూస్తే తెరలో మీ మొహమే ఎక్కువ కనిపిస్తుంది. చీకటి తెర ముందు కనుపాప పెద్దదవుతుంది కాబట్టి కంట్లో ఏ చిన్న లోపమున్నా బయటపడుతుంది, ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్నివైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవాళ్లకి నలుపు మీద తెల్ల అక్షరాలు చుట్టూ వెలుగు చిమ్ముతున్నట్టు అలుక్కుంటాయి. మీ కంటికి ఏది కుదిరితే అది పెట్టుకోండి, ఇందులో ఫ్యాషన్ చూడకండి.

గింప్ 2018 ఏప్రిల్‌లో 2.10 వచ్చినప్పటి నుంచీ మొదట తెరిస్తే ఇలాగే నల్లగా, గీతల ఐకాన్లతో ఉంటోంది. ఫొటో రంగులు సరిగ్గా తూచడానికి చుట్టూ రంగులు లేకపోవడమే మంచిదన్నది వాళ్ల వాదన, అందులో నిజం లేకపోలేదు. కానీ టూలే దొరకనివాడు ఫొటో ఏం తూస్తాడు? ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఇంటర్‌ఫేస్ కింద థీమ్ అనీ ఐకాన్ థీమ్ అనీ రెండుంటాయి. ఐకాన్ థీమ్‌లో లెగసీ పెడితే పాత రంగురంగుల బొమ్మలు వచ్చేస్తాయి. ఐకాన్ సైజు కూడా ఆ దగ్గరే ఉంది, కాస్త పెంచుకోండి. టూల్స్ అలవాటయ్యాక నల్ల థీమ్‌కి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, అప్పటికి కత్తెర ఎక్కడుందో మీ చేతికే తెలిసుంటుంది.